తిన్నింటి వాసాలు ఎవరు మోశారు?

ఏప్రిల్ వస్తుందంటే మన వాడల్లో, గూడేల్లో పందిళ్ల పని మొదలవుతుంది. 5న బాబూ జగ్జీవన్ రామ్, 11న మహాత్మా ఫూలే, 14న బాబాసాహెబ్ అంబేద్కర్ జయంతులు. ఇల్లెందు నుంచి దుమ్ముగూడెం దాకా సంఘాల మిత్రులు ఈసారి ఒకటే అడుగుతున్నారు: ఉపన్యాసాలు ఏటేటా ఉన్నయే, ఈ ఏడు నాటకం ఆడదాం, ఏది ఆడమంటరు? ఇంకో కబురు కూడా వచ్చింది. కొన్ని ఊళ్లల్లో ఖర్చంతా పెద్దలే పెట్టుకుంటామంటున్నారట. స్టేజీ, మైకు, భోజనాలు అన్నీ వాళ్లవే. కాకపోతే గొడవలు లేని నాటకం కావాలట. దొర ప్రాణాల మీదికి వస్తే తన ప్రాణం అడ్డమేసిన పాలేరు కథ ఒకటుందట. చూసినవాళ్లందరూ కంటతడి పెడతారట.

మా జవాబు ముందే చెప్పేస్తున్నాం. ఆ డబ్బు ముట్టొద్దు. ఆ నాటకం ఆడొద్దు. ఎందుకో మాత్రం కొంచెం ఓపిగ్గా మాట్లాడుకోవాలి. నాటకమే గదా, ఒక రాత్రి గడిచిపోతుంది గదా అనుకుంటే పొరపాటు. సంకెళ్లు లేకుండా మనిషిని కట్టేసే తాడు ఒకటుంది. దాని పేరు విశ్వాసం. ఆ తాడు పేనింది కథల్లో, పాటల్లో, స్టేజీ మీద.

మనది భద్రాద్రి రాముడి నీడన పెరిగిన ప్రాంతం. నమ్మిన బంటు అంటే హనుమంతుడని పసిపిల్లవాడు కూడా చెబుతాడు. లంక యుద్ధం కథ మనకి ఉగ్గుపాలతో పోశారు. అందులో విభీషణుడున్నాడు. సొంత అన్నను, సొంత రాజును, యుద్ధం ముంగిట విడిచి అవతలి పక్షానికి పోయాడు. ఆయన్ని ఎవరూ విశ్వాసఘాతకుడనలేదు. ధర్మం తెలిసినవాడన్నారు, భక్తుడన్నారు, పట్టం కట్టారు. అదే మన జీతగాడు బాకీ తీరిందని లెక్కజూపి గడీ విడిచి పోతే ఏమన్నారు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టినోడు అన్నారు. అంటే విశ్వాసానికి ఒక కొలత లేదన్నమాట. కొలిచేవాడి చేతిలో ఉంది కొలత.

ఇంకో నాటకం చూడండి. తెలుగు పల్లెల్లో బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం ఆడని ఊరు తక్కువ. అది అచ్చంగా బానిసత్వం గురించిన నాటకం. రాజు భార్యను అమ్ముతాడు, బిడ్డను అమ్ముతాడు, తానే అమ్ముడుపోయి కాశీలో వీరబాహుడి దగ్గర కాటికాపరి అవుతాడు. జనం వెక్కివెక్కి ఏడుస్తారు. ఎందుకు? రాజంతటివాడు కాటికాపరి పని చేయాల్సి వచ్చిందే అని. తరతరాలుగా ఆ పనే చేస్తున్నవాళ్లు ఆ గుంపు చివర నిలబడి నాటకం చూస్తుంటారు. వాళ్లకోసం ఏడ్చినవాడు లేడు. వీరబాహుడికి దక్కేది తాగుబోతు వేషం, జనానికి నవ్వు. ఆ కాటి రంగంలోనే మన గుర్రం జాషువా కవి శ్మశానవాటి పద్యాలు కలిపి పాడుతూ వచ్చారు. పద్యానికి వన్స్‌మోర్ కొట్టారు. పద్యం రాసిన మనిషిని అంటరానివాడన్నారు. మన మాట స్టేజీ ఎక్కవచ్చు, మనం ఎక్కగూడదు. ఇదీ లెక్క.

ఇక మన నేల మీద బానిసత్వం ఎట్ల నడిచిందో పిల్లలకు చెప్పాలి. వెట్టి అంటే వాళ్లకిప్పుడు పుస్తకంలో ఒక పాఠం. నిజాం ఏలుబడిలో ఊరికి ఏ అధికారి వచ్చినా సామాను నెత్తిన పెట్టుకున్నది మాలలు, మాదిగలు. ఊరి నుంచి ఊరికి కబురు మోసింది వాళ్లు. గడీకి కట్టెలు కొట్టింది, చావడి దగ్గర రాత్రంతా పడిగాపులు పడింది వాళ్లు. మాదిగ ఇంట్లో కుట్టిన చెప్పులు, మోటకు తోలు, ఎడ్లకు పగ్గాలు పైసా లేకుండా పోయేవి. చాకలి, కుమ్మరి, మంగలి ఇళ్లకూ ఇదే గతి. పెళ్లికో చావుకో అప్పు తెచ్చినవాడు భగేలా అయ్యేవాడు. వాడి ఒంటితో తీరని బాకీ కొడుకు ఒంటికి దిగేది. ఈ పద్ధతి ఎంత ముదిరిందంటే, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో నిజాం సర్కారే భగేలా ఒప్పందాలకు అడ్డుకట్ట వేస్తూ ఒక రెగ్యులేషన్ తేవలసి వచ్చింది. కాగితం మీద వచ్చింది. గడీ లోపలికి రాలేదు.

గోదావరి అవతల వేరే రాజ్యం. బూర్గంపాడు నిజాందైతే భద్రాచలం తెల్లవాడిది, మద్రాసు రాష్ట్రంలో తూర్పుగోదావరి జిల్లా. 1959లో గానీ భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలవలేదు. అక్కడైనా బతుకు మేలా అంటే అదీ లేదు. మన్యంలో రోడ్ల పనికి బలవంతంగా తోలినందుకే గదా 1922లో అల్లూరి వెంట జనం విల్లు పట్టింది! ఏజెన్సీలో అప్పుకింద మనుషుల్ని కట్టేయడం మాన్పించడానికి 1940లో మద్రాసు సర్కారు కూడా ఒక రెగ్యులేషన్ చేసింది. ఏటికి ఈ ఒడ్డున భగేలా, ఆ ఒడ్డున అప్పుకట్టు. పేరు మారింది, మెడ మారలేదు.

ఈ కాలంలోనే ఒక నాటకం పుట్టింది. పేరు 'మా భూమి'. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాశారు. ప్రజానాట్యమండలి ఆడింది. అప్పటికి తెలంగాణ పల్లెలు యుద్ధంలో ఉన్నయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఒకవైపు దేశ్‌ముఖులు, రజాకార్లు, నిజాం పోలీసులు. మరోవైపు గుత్పలు పట్టిన సంఘం. ఆ నాటకానికి ప్రేరణ ఎవరనుకున్నారు? ఒక పేద ముస్లిం రైతు, కామారెడ్డిగూడెం షేక్ బందగీ. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, తన చెక్క భూమి కోసం కోర్టుకెక్కి, దొర గూండాల చేతిలో చనిపోయాడు. చాలామంది 1980లో వచ్చిన 'మా భూమి' సినిమాకు ఈ నాటకమే ఆధారం అనుకుంటారు. సినిమా కథకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. నాటకం వేరు, అంతకు 30 ఏళ్లు ముందుది.

ఆ నాటకాన్ని నిజాం ఇలాకాలో బాహాటంగా ఆడే వీలు లేదు. అందుకని సరిహద్దు అవతల, ఆంధ్ర జిల్లాల్లో పదుల కొద్దీ దళాలు వందలసార్లు ఆడాయి. ఖమ్మం, మధిర వైపు నుంచి రజాకార్ల దెబ్బకు సరిహద్దు దాటి పోయిన జనానికి అక్కడ తమ ఊరే స్టేజీ మీద కనబడింది. చివరికి కాంగ్రెసు ఏలుబడిలో ఉన్న మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒక్క సంగతి ఆలోచించండి. నాటకం వల్ల ఏమవుతుందిలే అనేవాళ్లున్నారు. ఏమీ కాకపోతే సర్కారు ఎందుకు భయపడింది? దొర ఇంటి ముందు చెప్పులు విప్పి చేతబట్టుకొని నడిచిన మనిషి, స్టేజీ మీద తనలాంటివాడు దొర కళ్లల్లోకి చూసి మాట్లాడుతుంటే చూశాడు. అంతవరకు అట్ల మాట్లాడవచ్చని ఎవరూ చూపించలేదు. అదే దాని బలం.

కానీ మనం అక్కడే ఆగిపోగూడదు. 'మా భూమి' అన్నప్పుడు ఆ 'మా'లో మన వాడ ఉన్నదా లేదా అని అడగటం మన హక్కు.

యుద్ధం వచ్చినప్పుడు బానిసను ప్రతివాడూ పిలుస్తాడు. నా పక్షాన నిలబడు, నీకు మేలు చేస్తానంటాడు. 1947, 48లో మన జనానికి సరిగ్గా ఇదే పరీక్ష ఎదురైంది. నిజాం దళితుల చదువుకు కోటి రూపాయల నిధి ప్రకటించాడు. బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. శ్యాంసుందర్ హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో ఉన్నారు. అటుపక్క అంబేద్కర్ 1947 నవంబరులో ఒక ప్రకటన చేశారు. హైదరాబాద్ దళితులు ఎట్టి పరిస్థితిలోనూ నిజాం పక్షాన, ఇత్తెహాదుల పక్షాన చేరవద్దన్నారు. పల్లెల్లోనేమో మన కూలీలు చాలామంది సంఘం వెంట నడిచారు, దళాలకు అన్నం మోశారు, తుపాకులకు ఎదురుపోయారు.

ఇందులో ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని ఇవాళ తీర్పులు చెప్పడం సులువు. మేం ఆ పని చెయ్యం. వెంకట్రావు, శ్యాంసుందర్ అడిగింది ఒకటే. హిందూ దొరల చేతికి రాజ్యం వస్తే మా వాడ సంగతేంది? ఆ ప్రశ్న తప్పుది కాదు. అంబేద్కర్ చెప్పింది మరొకటి. ఒక రాజు గద్దె కాపాడటానికి మన మనుషుల్ని కాపలా పెట్టొద్దని. అదీ తప్పుది కాదు. కానీ పిలిచిన రాజులూ, నవాబులూ, దొరలూ ఒక్కరు కూడా వాడలోకి వచ్చి మీకేం కావాలని అడగలేదు. మాకు విశ్వాసంగా ఉంటారా లేదా అనే అడిగారు.

1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17కి నిజాం లొంగిపోయాడు. తర్వాత జరిగింది మన తాతలు చెప్పిన కథే. పట్నాలకు పారిపోయిన దొరలు షేర్వానీలు విప్పి ఖద్దరు టోపీలు పెట్టుకొని తిరిగి వచ్చారు. ఉద్యమంలో 10 లక్షల ఎకరాలు పంచామని పార్టీ లెక్క. అందులో ఎంతో భూమి మళ్లీ దొరల నాగళ్ల కిందికి పోయింది. సైన్యం గోదావరి అడవుల్లోకి వచ్చింది. దళాలకు అన్నం పెడుతున్నారని కోయగుంపులను ఊళ్లు ఖాళీ చేయించి, ఒక్కచోటికి తోలి, కాపలా పెట్టింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. రాజు మారాడు, జెండా మారింది. పట్టా కాగితం మీద పేరు చాలా ఊళ్లల్లో మారలేదు.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా బానిసత్వం మీదనే అంతర్యుద్ధం జరిగింది. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన చేశాడు. దాదాపు 1,80,000 మంది నల్లజాతి సిపాయిలు ఉత్తరాది సైన్యంలో చేరి కొట్లాడారు. 1865 జనవరిలో షెర్మన్ అనే జనరల్, సముద్రతీరపు తోటల భూముల్ని విడుదలైన కుటుంబాలకు 40 ఎకరాల చొప్పున ఇమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఏడాది తిరగకముందే కొత్త ప్రెసిడెంట్ జాన్సన్ ఆ భూముల్ని పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. విడుదలైన మనిషి అదే పొలంలో పాలుకు చేసుకొని, అదే దొర దగ్గర అప్పు తెచ్చుకొని బతికాడు. మన భగేలాకీ వాడికీ ఎంత దూరం?

ఆ యుద్ధానికి ముందే వాళ్ల నాటకాల్లోనూ ఈ తగువు నడిచింది. 'అంకుల్ టామ్స్ కాబిన్' నవలను 1852 నుంచీ స్టేజీ ఎక్కించారు. దయగల తెల్లమ్మ రాసిన నవల అది, బానిసత్వం పాపమని చాలామందికి తెలిపింది. కాని స్టేజీ మీద టామ్ రానురాను చేతులు కట్టుకున్న ముసలి నౌకరుగా మిగిలాడు. తర్వాతి తరం నల్లవాళ్లు 'అంకుల్ టామ్' అన్న మాటను తిట్టుగా వాడుకున్నారు. అదే కాలంలో విలియం వెల్స్ బ్రౌన్ అనే మనిషి ఉన్నాడు. స్వయంగా బానిసగా పుట్టి పారిపోయి వచ్చినవాడు. తన నాటకం తానే రాసుకొని, సభల్లో తానే చదివి వినిపించి, 1858లో అచ్చువేశాడు. అందులో బానిసలు యజమానికోసం చావరు. సరిహద్దు దాటి స్వేచ్ఛలోకి పోతారు. ఇద్దరూ బానిసత్వాన్ని వద్దన్నవాళ్లే. కానీ కథ ఎవరి చేతిలో ఉన్నదన్న దాన్నిబట్టి చివరి రంగం మారింది.

మన ఫూలే ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నాడు. 1855లోనే 'తృతీయ రత్న' అనే నాటకం రాశాడు. 1873లో 'గులాంగిరి' రాసి, దాన్ని నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. పుణేలో కూర్చుని ఆయన చూసింది, మనం మన ఊళ్లో కూర్చుని చూడలేమా? మన తెలుగులోనూ ఆ దారి వేసినవాడున్నాడు. గోదావరి జిల్లా దళిత కవి బోయి భీమన్న రాసిన 'పాలేరు' నాటకంలో పాలేరు దొరకోసం చావడు. చదువుకొని అధికారి అవుతాడు. ఆ నాటకం చూసి పశువులు విడిచి బడికి పోయిన పిల్లలున్నారని పెద్దలు చెబుతారు. భీమన్న తన జీవితకథకు పేరే 'పాలేరు నుండి పద్మశ్రీ వరకు' అని పెట్టుకున్నాడు. ఒక్కడు అధికారి అయితే వాడంతా బాగుపడుతుందా అని అడిగేవాళ్లున్నారు, అడగాలి కూడా. అయినా పాలేరును కథకు నాయకుణ్ణి చేసి, వాడికి పలక ఇచ్చాడు. అది చిన్న పని కాదు.

ఇదంతా పాత కథ గదా అనేవాళ్లకు ఒక మాట. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం పెట్టి, ఊరు ఊరునూ అటా ఇటా అని అడిగారు. ఆదివాసీ కుర్రవాళ్లకే తుపాకులిచ్చి స్పెషల్ పోలీసులని పేరు పెట్టి, తమ వాళ్ల మీదికే పంపారు. ఆ మంటల్లోంచి తప్పించుకున్న వేలమంది శబరి దాటి, అడవి దాటి మన వైపు వచ్చారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్లనే. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. తీర్పు వచ్చింది గాని వచ్చిన జనానికి నేల రాలేదు. మన మిరప తోటల్లో కాయ కోసే చేతులెవరివో ఒకసారి చూడండి. మేస్త్రీ ముందుగా ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, ఇంకోచోట కూలి ఎక్కువున్నా కదలలేని వాళ్లెంతమంది? 1976 చట్టం ప్రకారం అదీ వెట్టి చాకిరీయే. ఆ తోట యజమానుల్లో మన వాళ్లు కూడా ఒకరిద్దరు ఉండవచ్చు. అయితే వాళ్లను కూడా అడగాలి. అడగకుండా జై భీమ్ అంటే ఆ మాటకు బరువు ఉండదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఏ నాటకం ఆడాలి?

మీరే రాసుకోండి. నాలుగు పనులు చేయండి. మొదటిది, వెట్టి చూసిన పెద్దలు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. ఎనభై దాటినవాళ్లు. వచ్చే జయంతికి ఉంటారో లేదో తెలవదు. సెల్‌ఫోనులో రికార్డు చేస్తారో నోటుబుక్కులో రాస్తారో, వాళ్ల మాట వాళ్ల యాసలోనే పట్టుకోండి. అవ్వలను వదలొద్దు. గడీల్లో ఏం జరిగిందో తాతలకంటే అవ్వలకే ఎక్కువ తెలుసు, వాళ్లను ఎవరూ అడగలేదు. రెండోది, మనకు మన నాటకం ఉన్నది. చిందు భాగవతులు జాంబపురాణం ఆడిన నేల ఇది. డప్పు ఉంది, బుర్రకథ ఉంది, కోయవాళ్ల కొమ్ము ఆట ఉంది. అద్దె పరదాలు, అద్దె కిరీటాలు అవసరం లేదు. కథ 1948లో మన ఏటి ఒడ్డుదే పెట్టుకోండి. దొర ఒకడు, జీతగాడు ఒకడు, ఏరు దాటి పోదామనే జీతగాని పెండ్లాం ఒకామె. దొర వేషం కూడా మన పిల్లవాడే కట్టాలి. వాడి నడక, వాడి మాట మనకంటే బాగా తెలిసినవాడెవడు?

మూడోది, ఖర్చు మనదే. ఇంటికి పది రూపాయలు, శేరు బియ్యం. తక్కువైతే పెట్రోమాక్స్ లైటు చాలనుకోండి. పెద్దల డబ్బు తీసుకుంటే పాలేరు చావక తప్పదు, అది వాళ్ల నాటకం. నాలుగోది, చివరి రంగంలో దొర టోపీ మార్చుకొని తిరిగొచ్చి భూమి అడుగుతాడు. నాకు విశ్వాసంగా ఉంటివి గదరా అంటాడు. అక్కడ నాటకం ఆపి జనాన్ని అడగండి, ఇప్పుడు జీతగాడు ఏం చేయాలని. జనం చెప్పింది ఆడండి. తెల్లారి ఆ జనంతోనే తహసీల్దారు ఆఫీసుకు పోయి, పంచిన భూములు ఎవరి పేరున ఉన్నయో పహాణీ నకలు అడగండి. ఏజెన్సీ ఊళ్లయితే 1/70 చట్టం దాటి గిరిజనేతరుల చేతికి పోయిన భూముల లెక్క అడగండి. నాటకం రాత్రితో అయిపోగూడదు.

తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారని వాళ్లు అంటారు. అననివ్వండి. ఆ వాసాలు అడవిలో నరికింది కోయతాత. భుజాన మోసుకొచ్చింది మాలతాత. కట్టడానికి తోలుపగ్గం పేనింది మాదిగతాత. ఆ కూలి ఇంకా బాకీ ఉంది. బాకీ ఉన్నవాడు లెక్క అడగొద్దంటే కుదరదు.

మీ ఊళ్లో ఏం ఆడారో, జనం చివరి రంగంలో ఏం చెప్పారో రాసి పంపండి. వచ్చే సంచికల్లో వేస్తాం.

జై భీమ్!